హైబ్రిడ్ కారులో కాలిన వాసన: ముందు ఎక్కడ చూడాలి?

శ్రీకాకుళంలో మా షెడ్డుకి హైబ్రిడ్ కారు, అంటే పెట్రోలు ఇంజిన్‌తో పాటు పెద్ద బ్యాటరీ, మోటారు కూడా ఉన్న కారు, వచ్చిందంటే ఓనరు ముందుగా అడిగేది ఒకటే: "ఏటి బాబూ, ఆ పెద్ద బ్యాటరీ పేలిపోద్దేటి?" ఆటో ఎలక్ట్రీషియన్‌గా నా చేతిలో పడిన బండ్లలో పెద్ద బ్యాటరీ దగ్గర పొగ మొదలైంది ఒక్కటీ లేదు. కింద ఇరుక్కున్న ఉలవ కట్టె, ఎలుక కొరికిన వైరు, కొన్నాక బయట బిగించిన లైట్లు, ఇవే. అందుకే మనవైపు ఎక్కువగా వచ్చేవి ముందు రాస్తున్నాను.

సమస్య: బండి ఆపగానే గడ్డి కాలిన వాసన, అడుగున సన్నటి పొగ

కారణం: సంక్రాంతి దాటాక మన ఊళ్ల రోడ్లన్నీ కళ్లాలే. చోళ్లు (రాగులు), ఉలవలు, మినుములు తారు మీద పరిచేస్తారు, వచ్చేపోయే బండ్లే నూర్చిపెడతాయి. ఆ కట్టె చక్రాల ఇరుసుకి చుట్టుకుని, సైలెన్సరు మీదికి ఎక్కి కూర్చుంటుంది. సైలెన్సరు పైపులో పొగని శుద్ధి చేసే డబ్బా, అదే కెటలిటిక్ కన్వర్టర్, నడిచే బండిలో 400 డిగ్రీలు దాటుతుంది. ఎండుగడ్డి అంటుకోడానికి అంత వేడి కూడా అక్కర్లేదు.

హైబ్రిడ్‌లో ఇంకో చిక్కు ఉంది. రథసప్తమికి అరసవల్లి వచ్చి, కోసేసిన పొలంలో బండి పెట్టి, ఏసీ వేసుకుని లోపల కూర్చున్నారనుకోండి. ఇంజిన్ చప్పుడు లేదు కాబట్టి బండి ఆగిందనే అనుకుంటారు. కానీ డాష్‌బోర్డు మీద 'రెడీ' లైటు వెలుగుతున్నంతసేపూ బ్యాటరీ చార్జి తగ్గినప్పుడల్లా ఇంజిన్ దానంతట అదే స్టార్ట్ అవుతుంది. కింద ఎండుగడ్డి, పైన వేడెక్కే డబ్బా.

పరిష్కారం: పంట పరిచిన రోడ్డు తప్పించుకోలేకపోతే, అది దాటగానే శుభ్రమైన తారు మీద ఆపి, వంగి అడుగున చూడండి. మొన్న ఒక బండిలో సైలెన్సరు పైన వేడిని ఆపే రేకు సందులోంచి గుప్పెడు కట్టె లాగాను. కొసలన్నీ ఆర్పేసిన బీడీ ముక్కల్లా నల్లగా ఉన్నాయి. ఇంకో పది కిలోమీటర్లు పోయుంటే ఆ కథ వేరు. చేత్తో లాగకండి, కాలుతుంది. ఇనప కొక్కెం అసలే వద్దు, ఆ పక్కనే పెద్ద బ్యాటరీ కరెంటు మోసే నారింజ రంగు కేబుల్ పోతుండొచ్చు. బండి పూర్తిగా ఆఫ్ చేసి, అందరూ దిగాక, కర్రతో లాగండి. పొగ మాత్రమే ఉంటే సీసాలో నీళ్లు పోయండి. మంట కనిపిస్తే దాని జోలికి పోకుండా దూరం జరగండి.

సమస్య: హైబ్రిడ్ వార్నింగ్ లైటు, ఒక్కోసారి స్టార్ట్ కాదు, బానెట్ తీస్తే ముక్కు మూసుకోవాలి

కారణం: ఎలుక. కోతలయ్యాక పొలంలో తిండి ఉండదు, బానెట్ కింద వెచ్చగా ఉంటుంది. కొబ్బరి, జీడి తోటల ఉద్దానం నుంచి వచ్చిన ఒక బండిలో ఇంజిన్ కవరు మీద కొబ్బరి పీచుతో చక్కగా గూడు కట్టింది. లోపల జీడిపిక్కల తొక్కలు! వైరు కొరికితే షార్ట్ ఒక గండం, వేడి ఇంజిన్ మీద ఆ పీచే ఇంకో గండం.

పరిష్కారం: వారానికోసారి టార్చితో చూడండి. నాఫ్తలీన్ గోళీలు, పొగాకు నాలుగు రోజులు పనిచేస్తాయి, తర్వాత ఎలుకలు వాటి పక్కనే పడుకుంటాయి. బండిని వారాలకొద్దీ కదపకుండా వదలకపోవడమే అసలు మందు. కొరికిన మామూలు వైరుకి టేపు చుట్టి పంపించే మెకానిక్‌ని నమ్మకండి, ఆ ముక్క మార్చాల్సిందే. నారింజ కేబుల్ మీద పంటి గాటు కనిపిస్తే మాత్రం నాలాంటివాడు కూడా ముట్టుకోకూడదు. అందులో పోయేది ఇంటి కరెంటుకి తీసిపోని వోల్టేజీ. కంపెనీ సర్వీస్ సెంటరుకి టో చేయించండి, అంటే ట్రక్కు మీద ఎక్కించి పంపండి.

ఎలుకే అక్కర్లేదు కూడా. 2018లో టయోటా 10 లక్షలకు పైగా కార్లని, ఎక్కువగా ప్రియస్ హైబ్రిడ్‌లని, ఎందుకు వెనక్కి పిలిచిందంటే, ఒక వైర్ల కట్ట అదురుకి కవరుతో ఒరుసుకుని తోలు అరిగి, షార్ట్ అయ్యే ప్రమాదం ఉందని. బ్యాటరీ కాదు, వైరే. మీ మోడల్‌కి అలాంటి రీకాల్ ఉందేమో ఛాసిస్ నంబరు చెప్పి షోరూంలో కనుక్కోండి. ఉంటే ఉచితంగానే చేస్తారు.

సమస్య: ప్లాస్టిక్ కాలిన వాసన, ఫ్యూజు పదే పదే పోవడం

కారణం: తొంభై పాళ్లు బయట బిగించిన సరుకే. మా బావ కారుకి ఒక షాపువాళ్లు 100 వాట్ల బల్బులు రెండు వేశారు. 200 వాట్లంటే 12 వోల్టుల మీద దాదాపు 17 ఆంపియర్లు. పాత సన్న వైరుకే కలిపేశారు. ఫ్యూజు కొట్టేస్తోందంటే ఇంకా పెద్ద ఫ్యూజు పెట్టి పంపించారు. ఫ్యూజు కాలకపోతే కాలేది వైరేగా! బావ తెచ్చేసరికి ఆ వైరు తోలు కరిగి జిగురులా వేళ్లకంటుకుంది.

పరిష్కారం: కంపెనీ చెప్పిన ఆంపియర్ల ఫ్యూజే వాడాలి. అదనపు లైట్లు కావాలంటే రిలే (ఎక్కువ కరెంటు మోసే స్విచ్చు), లావు వైరు, బ్యాటరీ దగ్గరే ఫ్యూజు, వైరు దూరే రేకు కన్నంలో రబ్బరు వాషరు, ఈ నాలుగూ ఉండాలి. చిన్న 12 వోల్టుల బ్యాటరీ టెర్మినల్ వదులైనా వేడెక్కుతుంది. కొన్ని హైబ్రిడ్‌లలో అది డిక్కీలో ఉంటుంది, తెల్ల పొడి పట్టినా ఎవరూ చూడరు. ఆగిపోయిన లారీని స్టార్ట్ చేయడానికి మీ హైబ్రిడ్‌లోని ఈ చిన్న బ్యాటరీ నుంచి కరెంటు ఇవ్వకండి, మొహమాటపడొద్దు.

సమస్య: సీటు దగ్గర ఫ్యాను మోత, పికప్ తగ్గడం

పెద్ద బ్యాటరీకి గాలి అందించే జాలీ మూసుకుపోయింది. చాలా మోడళ్లలో అది సీటు కిందో పక్కనో ఉంటుంది, అక్కడే మనం బియ్యం బస్తా వేస్తాం. అడ్డు తీసి, ఫిల్టరు శుభ్రం చేయించండి. ఇది నిప్పు దాకా పోవడం అరుదు, ముందే సిస్టమ్ పవర్ తగ్గించేస్తుంది. బ్యాటరీ ఆయుష్షు మాత్రం తగ్గుతుంది.

సమస్య: పెట్రోలు వాసన

స్టార్ట్ చేయకండి. ఏసీ కోసం కూడా 'రెడీ'లో పెట్టకండి. టో చేయించండి. అంతే.

సమస్య: తుఫానులో నీళ్లలో మునిగిన కారు, ఇప్పుడు బాగానే కనిపిస్తోంది

2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ చూసినవాళ్లం. వంశధార, నాగావళి నీళ్లు వేరు, కళింగపట్నం, భావనపాడు వైపు ఉప్పునీళ్లు వేరు. ఉప్పునీళ్లు ఇంకినా ఉప్పు వైర్ల మధ్య ఉండిపోతుంది, కరెంటుకి అదే దారి. 2012లో శాండీ తుఫానప్పుడు అమెరికాలోని నెవార్క్ రేవులో ఉప్పునీట మునిగిన 16 ఫిస్కర్ కర్మా ప్లగ్-ఇన్ (కరెంటు ప్లగ్గుతో చార్జి చేసే) హైబ్రిడ్‌లు, ఎవరూ ముట్టుకోకుండానే కాలిపోయాయి. నిప్పు రోజుల తర్వాత కూడా రావచ్చు.

పరిష్కారం: స్టార్ట్ బటన్ నొక్కి చూడాలనే దురద ఆపుకోండి. ఇంటికీ గడ్డివాముకీ 50 అడుగుల దూరంలో ఉంచండి. చక్రాలు తిరిగితే మోటారు కరెంటు పుట్టిస్తుంది, కాబట్టి తాడు కట్టి లాగకండి. నాలుగు చక్రాలూ పైకెక్కించే ట్రక్కే పిలవండి.

సమస్య: బుస్సుమనే చప్పుడు, టపటపలు, ఘాటైన తియ్యటి వాసన

ఇది బ్యాటరీయే, ముఖ్యంగా లిథియం రకం. నికెల్ రకంలో ఈ భయం చాలా తక్కువ. బండి ఆఫ్ చేసి, అందరినీ దించి, గాలి వచ్చే వైపుకి కనీసం 100 అడుగులు పోండి. 101కో 112కో ఫోన్ చేసి 'హైబ్రిడ్ కారు' అని చెప్పండి, దాన్ని బట్టే వాళ్లు నీళ్లు సిద్ధం చేసుకుంటారు. కారులోని మంటలార్పే చిన్న సిలిండరు సీటు కవరు మంటకి పనికొస్తుంది, దీనికి చాలదు. బానెట్ ఎత్తకండి, గాలి అందుతుంది. ఇంకో మాట, ఆరిపోయిందనుకున్న బ్యాటరీ గంటల తర్వాత మళ్లీ అంటుకోగలదు. అలాంటి బండిని దయచేసి నా షెడ్డులోకి తేకండి. ఖాళీ స్థలంలో ఉంచి ఫోన్ చేయండి, నేనే వస్తాను.