సభ్యత్వ సైటు సొంతంగా – 5వ పాఠం: సభ్యుల చిరునామాలు సైటులోకి రాకుండా

ఈసారి రెన్యువల్స్ చెప్తానని పోయిన పాఠం చివర రాశాను. దాన్ని వాయిదా వేస్తున్నాను. 4వ పాఠం చేసినవాళ్ల మెయిల్స్ చదివాక, ఈ సంగతి తేలకుండా డబ్బుల జోలికి వెళ్లడం నాకిష్టం లేదు.

మన ఉదాహరణ మిద్దెతోట క్లబ్బు. ఏడాదికి 600 రూపాయలు. నెలనెలా ఏమేం విత్తాలో చెప్పే పీడీఎఫ్, మృగశిర కార్తెకు ముందు బీర, కాకర, ఆనప విత్తనాల పొట్లం. పొట్లం పోస్టులో పంపాలి కాబట్టి ఎయిర్‌టేబుల్ (ఆన్‌లైన్‌లో పట్టికలు ఉంచుకునే చోటు) 'సభ్యులు' టేబుల్‌లో ఇంటి చిరునామా కూడా పెట్టుకున్నాం. ఆ టేబుల్‌ను చదివి సైటుగా చూపించే సాఫ్టర్‌లో 'మన సభ్యులు' పేజీ కట్టి పేరు, ఊరు, పెంచే మొక్కలు చూపించాం. కార్డులో 'చేరిన తేదీ' చూడ్డానికి బాగోలేదని, ఆ లైను కనబడకుండా రెండు వరుసల సీఎస్ఎస్ కోడ్ ఇచ్చాను. చాలామంది అదే చిట్కాను చిరునామా లైనుకూ వాడారు.

ఒకరి క్లబ్బులో ఏమైందంటే, ఒక సభ్యురాలి కొడుకు అమ్మ లాగిన్‌తో పేజీ తెరిచి, రైట్ క్లిక్ కొట్టి, నలభై ఇళ్ల చిరునామాలు పిన్ కోడ్‌తో సహా చదివేశాడు. ఆ అబ్బాయి మంచివాడు కాబట్టి వెంటనే చెప్పాడు. ఆ చిట్కా దేనికి వాడకూడదో నేను రాయలేదు. అది నా పొరపాటు.

సీఎస్ఎస్ అనేది రంగు, సైజు, ఎడం లాంటి అలంకరణ. అది పనిచేసేది చూసేవాళ్ల బ్రౌజర్‌లో. అప్పటికే సమాచారమంతా వాళ్ల కంప్యూటర్‌లోకి వచ్చేసి ఉంటుంది. చిరునామాల కాగితం చుట్టం చేతిలో పెట్టి "ఈ మూల మాత్రం చదవకండి" అన్నట్టు. ఇది సాఫ్టర్‌కే కాదు, వెబ్‌ఫ్లో, వర్డ్‌ప్రెస్, దేనికైనా ఇంతే.

ఇదే పొరపాటు ఇంకా చాలా వేషాల్లో వస్తుంది. మెనూలోంచి 'సభ్యులకు మాత్రమే' లింకు తీసేసి పేజీ భద్రంగా ఉందనుకోవడం ఒకటి. పేజీ అడ్రస్ వాట్సాప్‌లో ఎవరైనా ఫార్వర్డ్ చేస్తే నేరుగా తెరుచుకుంటుంది. పీడీఎఫ్‌ను గూగుల్ డ్రైవ్‌లో 'లింక్ ఉన్న ఎవరైనా' అని పెట్టి, ఆ లింకును లాగిన్ వెనక ఉంచడం ఇంకొకటి. పేజీకి తాళం ఉంది, ఫైలుకు లేదు. విత్తే క్యాలెండర్ విషయంలో నేను దీన్ని పట్టించుకోను, పది మందికి అదనంగా చేరితే మంచిదే. చిరునామా విషయంలో మాత్రం అస్సలు ఒప్పుకోను. ఊళ్లో ఒంటరిగా ఉండే పెద్దవాళ్లు మనల్ని నమ్మి ఇంటి నంబరు ఇచ్చారు. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం చిరునామా వ్యక్తిగత డేటాయే. చట్టం లేకపోయినా నేను ఇదే చెప్పేవాణ్ణి.

పరిష్కారం టేబుల్ దగ్గరే ఉంది. సైటు చదివే టేబుల్‌లో చిరునామా ఉండకూడదు. ఎయిర్‌టేబుల్‌లో కొత్త బేస్ (టేబుల్స్ ఉంచే విడి ఫైలు లాంటిది) తెరిచి దానికి 'పోస్టు' అని పేరు పెట్టండి. అందులో మూడే కాలమ్స్: సభ్యత్వ సంఖ్య, చిరునామా, ఫోన్. ఆ బేస్‌ను సాఫ్టర్‌కు కలపకండి. చేరే ఫారం నింపగానే మేక్ (ఒక యాప్ నుంచి ఇంకో యాప్‌కు సమాచారాన్ని దానంతటదే చేరవేసే సాధనం) ద్వారా పేరు, ఊరు ఒక బేస్‌లోకి, చిరునామా రెండో బేస్‌లోకి వెళ్లేలా రెండు మాడ్యూల్స్ (ఒక్కో పని చేసే మెట్లు) పెట్టండి. పొట్లాలు కట్టే రోజు సభ్యత్వ సంఖ్యను బట్టి జత చేసుకోవచ్చు. నేనైతే ఆ రోజు రెండు షీట్లూ ప్రింటు తీసి చేత్తోనే టిక్కు పెట్టుకుంటాను. నలభై పొట్లాలకు ఆటోమేషన్ అక్కర్లేదు.

"ఒకే బేస్‌లో రెండు టేబుల్స్ పెట్టి లింక్ చేస్తే చాలదా?" అని ముగ్గురు అడిగారు. పెట్టొచ్చు కానీ అక్కడ ఒక గుంట ఉంది. ఎయిర్‌టేబుల్‌లో ఒక టేబుల్‌ను ఇంకో టేబుల్‌కు లింక్ చేస్తే, అవతలి టేబుల్‌లోనూ దానంతటదే ఒక లింక్ కాలమ్ పుడుతుంది. ఆ కాలమ్‌లో కనిపించేది ఇవతలి టేబుల్‌లోని మొదటి కాలమ్. మీ చిరునామాల టేబుల్‌లో మొదటి కాలమ్ చిరునామాయే అయితే, మీరు జాగ్రత్తగా వేరు చేసిన చిరునామా 'సభ్యులు' టేబుల్‌లోకి నడుచుకుంటూ వచ్చేస్తుంది. మొదటి కాలమ్‌గా సభ్యత్వ సంఖ్య ఉంటే ఈ బాధ లేదు. తర్వాత ఎవరో సౌకర్యం కోసమని లుకప్ కాలమ్ (లింక్ చేసిన టేబుల్‌లోని ఇంకో కాలమ్‌ను ఇక్కడికి తెచ్చి చూపేది) పెడితే మళ్లీ మొదటికొస్తుంది. అందుకే వేరే బేస్ పెట్టమంటున్నాను.

ఇప్పుడు పరీక్ష. దీనికి ల్యాప్‌టాప్ కావాలి, ఫోన్‌లో కుదరదు. ఒక ఉత్తుత్తి సభ్యుణ్ణి చేర్చి, చిరునామాలో 777888 అని రాయండి. తెలుగు మాట పెట్టకండి. సమాచారం జేసన్ (సైట్లు సమాచారం పంపుకునే ఒక రాత పద్ధతి) రూపంలో వచ్చేటప్పుడు తెలుగు అక్షరాలు కొన్నిసార్లు సంకేతాలుగా మారిపోతాయి, వెతికితే దొరకవు, లేదనుకుని మోసపోతారు. అంకెలకు ఆ గొడవ లేదు. తర్వాత క్రోమ్‌లో ఇన్‌కాగ్నిటో విండో తెరిచి, వేరే సభ్యుడిగా లాగిన్ అవ్వండి. ఎఫ్12 నొక్కి నెట్‌వర్క్ ట్యాబ్‌కు వెళ్లి, పేజీని రీలోడ్ చేయండి. ఆ ట్యాబ్‌లోనే కంట్రోల్, ఎఫ్ నొక్కి 777888 వెతకండి. బ్రౌజర్‌కు వచ్చిన ప్రతి జవాబులోనూ అది వెతుకుతుంది. పేజీ మీద కనబడట్లేదు కదా అని ఇక్కడ వెతకడం మానేయొద్దు.

మిగతా రెండు ప్రశ్నలకు టూకీగా. 600 కడితే టేబుల్‌లో 60000 పడుతోందని రాశారు: మన తరఫున డబ్బు తీసుకునే రేజర్‌పే మొత్తాన్ని పైసల్లో పంపుతుంది, మేక్‌లో 100తో భాగించండి. ఒకే మనిషి రెండుసార్లు చేరుతున్నారని ఇంకొందరు: మన వైపు నుంచి సమయానికి జవాబు అందకపోతే వెబ్‌హుక్ (డబ్బు అందిందని రేజర్‌పే పంపే కబురు) మళ్లీ వస్తుంది. కొత్త వరుస చేర్చే ముందు పేమెంట్ ఐడీతో టేబుల్‌లో వెతికి, లేకపోతేనే చేర్చండి.

అభ్యాసం ఈసారి పెద్దది, ఒక ఆదివారం పూర్తిగా పడుతుంది. ఒక కాగితం మీద అడ్డంగా నాలుగు పేజీలు రాయండి: ముందు పేజీ, మన సభ్యులు, నా ప్రొఫైల్, విత్తే క్యాలెండర్. నిలువుగా ముగ్గురు మనుషులు: లాగిన్ కానివాళ్లు, గడువు తీరిన సభ్యులు, చెల్లుబాటులో ఉన్న సభ్యులు. పన్నెండు గళ్లు. ప్రతి గడిలో ముందుగా ఏం కనబడాలో పెన్సిల్‌తో రాసుకుని, తర్వాత నిజంగా ఆ మనిషిగా వెళ్లి చూసి పెన్నుతో రాయండి. ప్రతి గడికీ 777888 వెతుకులాట తప్పనిసరి. పేజీ అడ్రస్‌ను నేరుగా టైపు చేసి చూడండి, మెనూ నుంచి వెళ్లకండి.

ఇప్పటికే నిజమైన సభ్యులున్న సైటులో ఆ అంకెలు ఒక్క గడిలో కనిపించినా, సరిదిద్దే పని తర్వాత. ముందు ఆ పేజీని అన్‌పబ్లిష్ చేయండి. టేబుల్‌లోంచి చిరునామాలు తీసి పక్కన భద్రపరచండి. అదే రోజు సభ్యులందరికీ ఫోన్ చేసి, ఏ వివరాలు ఎన్నాళ్లుగా ఎవరికి కనబడే వీలుందో మీ నోటితోనే చెప్పండి.