బ్లాక్‌లీలో కలర్ పికర్ రావట్లేదా? ముందు కన్సోల్ తెరవండి

బెంగళూరులో పిల్లలకు కోడింగ్ నేర్పేవాళ్లలో చాలామంది బ్లాక్‌లీ (బ్లాకులు కలిపి కోడ్ రాసే ఎడిటర్లు కట్టే లైబ్రరీ) మీద సొంత ఎడిటర్ కట్టుకుంటారు. సంక్రాంతి దగ్గర పడిందంటే "ముగ్గు గీయి" బ్లాకులో రంగు ఎంచుకునే ఫీల్డ్, అంటే కలర్ పికర్, పెట్టాలనిపిస్తుంది. ఆ వెంటనే నాకో మెసేజ్: "అన్నా, కోడ్ అంతా కరెక్టే, పికర్ మాత్రం రావట్లేదు." బ్రౌజర్ కన్సోల్‌లో (ఎర్రర్లు, హెచ్చరికలు కనిపించే చోటు) ఏముందని అడిగితే చూడలేదంటారు. కస్టమ్ బ్లాకు రాయడం, టూల్‌బాక్స్‌లో పెట్టడం మీకు వచ్చనే అనుకుని రాస్తున్నాను.

బ్లాకు వచ్చింది, రంగు గడి లేదు

"రంగు" అన్న లేబుల్ ఉంటుంది, పక్కన ఉండాల్సిన చిన్న గడి ఉండదు. ఎడిటర్ ఆగిపోదు, ఎర్ర అక్షరాలూ రావు. తనకు తెలియని రకం ఫీల్డ్ ఎదురైతే బ్లాక్‌లీ దాన్ని వదిలేసి మిగతా బ్లాకు కట్టేస్తుంది. కన్సోల్‌లో మాత్రం పసుపు రంగులో ఒక హెచ్చరిక రాస్తుంది: ఫలానా రకం ఫీల్డ్ తయారు చేయలేకపోయాను, బహుశా రిజిస్టర్ అయి ఉండదు అని. జబ్బేమిటో అదే చెబుతోంది. ఎర్రగా ఉంటేనే చదువుతాం అనే అలవాటు ఉన్నంతకాలం అది ఎవరికీ కనపడదు.

అసలు కారణం ఇది. 2024లో వచ్చిన 11వ వెర్షన్‌తో కలర్ ఫీల్డ్‌ని బ్లాక్‌లీ కోర్ నుంచి తీసేసి ప్లగిన్ (విడిగా తగిలించుకునే భాగం) చేశారు. నెట్‌లో ఉన్న పాత ట్యుటోరియల్స్ అంతకుముందు రాసినవి. కాబట్టి "ఫీల్డ్-కలర్" ప్లగిన్ ఇన్‌స్టాల్ చేసి, వర్క్‌స్పేస్ (బ్లాకులు పేర్చే స్థలం) పేజీలోకి ఇంజెక్ట్ చేయకముందే "రిజిస్టర్‌ఫీల్డ్‌కలర్" ఫంక్షన్‌ని పిలవాలి. ఊరికే ఇంపోర్ట్ చేస్తే చాలదు. పాత రెడీమేడ్ కలర్ బ్లాకులు కూడా కావాలంటే దాని బదులు "ఇన్‌స్టాల్‌ఆల్‌బ్లాక్స్" పిలిచి మీ జనరేటర్‌ని (బ్లాకుల్ని కోడ్‌గా మార్చేది) అందించండి.

స్పెల్లింగ్ కూడా ఒకసారి చూసుకోండి. బ్లాక్‌లీది బ్రిటిష్ స్పెల్లింగ్, కలర్‌లో "యు" ఉండాలి. డీఫాల్ట్ రంగు ఇచ్చే కీ పేరు కూడా "కలర్" అనే, "వాల్యూ" కాదు. అక్కడ వాల్యూ అని రాస్తే గడి తెల్లగా వస్తుంది. లేత రంగు బ్లాకు మీద అది కనపడక, అసలు రానేలేదనుకునేవాళ్లూ ఉన్నారు.

రిజిస్టర్ చేశాను, అయినా రావట్లేదు

జనాన్ని నిజంగా ఏడిపించేది ఇదే. ఫంక్షన్ పిలిచారు, బ్రేక్‌పాయింట్ పెడితే అక్కడ ఆగుతోంది కూడా. అయినా అదే పసుపు హెచ్చరిక. ఇలాంటప్పుడు పేజీలో బ్లాక్‌లీ కాపీలు రెండు ఉన్నాయేమో అనుమానించండి. ప్లగిన్ ఒక కాపీలో తన పేరు నమోదు చేసుకుంటుంది, వర్క్‌స్పేస్ ఇంకో కాపీ నుంచి పుడుతుంది. దేని రిజిస్ట్రీ (ఫీల్డుల నమోదు జాబితా) దానిదే. మారతహళ్లి బ్రాంచిలో ఖాతా తెరిచి, పాస్‌బుక్ పట్టుకుని వేరే బ్యాంకు కౌంటర్ దగ్గర నిలబడినట్టే.

రెండో కాపీ ఎక్కువగా హెచ్‌టీఎంఎల్ నుంచే వస్తుంది. మొదట్లో ఎవరో డెమో కోసం సీడీఎన్ (నెట్ నుంచి నేరుగా ఫైలు ఇచ్చే సర్వర్) స్క్రిప్ట్ ట్యాగ్ పెట్టి ఉంటారు. తర్వాత వీట్, వెబ్‌ప్యాక్ లాంటి బండ్లర్‌కి (ఫైళ్లన్నీ కలిపి కట్టే టూల్) మారినా ఆ లైను అలాగే ఉండిపోతుంది. కన్సోల్‌లో "బ్లాక్‌లీ" అని టైప్ చేసి ఎంటర్ కొట్టండి. బండ్లర్ ద్వారా వచ్చిన కాపీ మామూలుగా గ్లోబల్‌గా కనపడదు. కాబట్టి మీరు కావాలని విండోకి తగిలించకుండానే అక్కడ ఆబ్జెక్ట్ కనిపిస్తే, ఎక్కడో స్క్రిప్ట్ ట్యాగ్ ఉన్నట్టే. వెర్షన్ నంబర్లు పోల్చి ఊరుకోకండి. రెండూ ఒకే వెర్షన్ అయినా అవి రెండు కాపీలే.

స్క్రిప్ట్ ట్యాగ్ లేకపోతే టెర్మినల్‌లో "ఎన్‌పీఎం ఎల్ఎస్ బ్లాక్‌లీ" కొట్టండి. రెండు వేర్వేరు వెర్షన్లు కనిపిస్తే దొంగ దొరికినట్టే. ప్లగిన్ ఇన్‌స్టాల్ చేసేటప్పుడు పీర్ డిపెండెన్సీ గొడవ (ప్లగిన్ అడిగే బ్లాక్‌లీ వెర్షన్, మీ దగ్గరున్నది కలవకపోవడం) వస్తే "ఫోర్స్" కొట్టి ముందుకెళ్లిన ప్రాజెక్టుల్లో ఇది మామూలే. మీ బ్లాక్‌లీకి సరిపోయే ప్లగిన్ వెర్షన్ పెట్టి, నోడ్ మాడ్యూల్స్ తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేయండి. మోనోరెపోలో (ఒకే రిపోలో చాలా ప్యాకేజీలు ఉంటే) అయితే వీట్ సెట్టింగ్స్‌లోని "డీడూప్" జాబితాలో బ్లాక్‌లీ పేరు చేర్చండి.

ఇదంతా మొదలుపెట్టే ముందు ఆటోసేవ్ ఆపేయండి. ఫీల్డ్ లేని స్థితిలో పిల్లల పాత ప్రాజెక్టు తెరిస్తే, అందులో సేవ్ అయి ఉన్న రంగుని బ్లాక్‌లీ ఇంకో హెచ్చరిక రాసి దాటేస్తుంది. ఆ మీదట ఆటోసేవ్ నడిస్తే రంగు లేని ప్రాజెక్టే డేటాబేస్‌లోకి వెళ్తుంది. తర్వాత ప్లగిన్ బాగుచేసినా ముగ్గులన్నీ డీఫాల్ట్ రంగులోనే వస్తాయి. బ్యాకప్ లేకపోతే ఇక అంతే.

రన్ కొడితే కోడ్ పేలుతోంది

ఎర్రర్‌లో "నల్" అని, "రీప్లేస్" అని కనిపిస్తే జనరేటర్‌ని తిట్టకండి. ఫీల్డే లేదు కాబట్టి దాని విలువ నల్ (ఏమీ లేదు) అని వచ్చింది, కోట్స్ పెట్టే ఫంక్షన్ దాని మీద తడబడింది. పైకి వెళ్లి మళ్లీ చదవండి. గడి కనపడుతూ కూడా సింటాక్స్ ఎర్రర్ వస్తుంటే మాత్రం తప్పు మీ జనరేటర్‌లోనే. హ్యాష్‌తో మొదలయ్యే రంగు కోడ్‌ని కోట్స్ లేకుండా వదిలేశారు. జనరేటర్ ఇచ్చే కోట్ ఫంక్షన్ వాడండి.

గడి నొక్కితే ఏమీ తెరుచుకోదు

ఎడిటర్‌ని పాపప్‌లో పెట్టారా? పాలెట్ (రంగుల గళ్ల పట్టిక) ఎడిటర్ లోపల ఉండదు, పేజీ బాడీకి తగులుకుని ఉంటుంది. అందుకే పాపప్ వెనకాల తెరుచుకుంటోంది. "సెట్‌పేరెంట్‌కంటైనర్" పిలిచి పాపప్‌నే తల్లిగా ఇవ్వండి. ఇదీ ఇంజెక్ట్ చేయకముందే.

పాలెట్ తెరుచుకుంది కానీ కావాల్సిన రంగు అందులో లేదంటే అది రిపేరు కాదు, సెట్టింగ్. మామూలుగా వచ్చేవి 70 రంగులు, వరుసకు 7. బెంగళూరు నమ్మ మెట్రో మ్యాప్‌లో పర్పుల్, గ్రీన్, యెల్లో లైన్లు గీసే బ్లాకుకి ఆ మూడు రంగులే చాలు. "సెట్‌కలర్స్"కి ఆ మూడూ ఇచ్చి, "సెట్‌కాలమ్స్"కి 3 ఇవ్వండి.

సైట్ సీఎస్ఎస్ వల్ల గళ్లు వంకరపోవడం, పాత బ్రౌజర్లు, ఎక్స్‌టెన్షన్లు లాంటివి అరుదు. ఇన్‌కాగ్నిటోలో ఒకసారి తెరిచి చూస్తే తేలిపోతుంది.