దుకాణం ఫోను, ఇంటి ఫోను – మూడో పాఠం: పనిని బట్టి ఆండ్రాయిడ్, ఐఫోన్‌లను పోల్చుకోవడం

పోయిన పాఠంలో మీకో పని ఇచ్చాను. ఒక రోజంతా ఫోనుతో ఏమేం చేస్తారో కాగితం మీద రాసుకోమన్నాను. ఆ కాగితం దగ్గర పెట్టుకుని ఈ పాఠం చదవండి. రాయనివాళ్లు ఇప్పుడైనా కూర్చుని రాయండి, పది నిమిషాల పని. అది లేకుండా చదివితే రెండు రకాల ఫోన్ల గురించి నాలుగు ముచ్చట్లు తెలుస్తాయి గానీ, మీకు ఏది పనికొస్తుందో తేలదు.

అందరికీ ఒకే ఉదాహరణ ఉంటే తేలిక కాబట్టి వరంగల్ కొత్తవాడలో జంపఖానాలు అమ్మే ఒక చిన్న దుకాణాన్ని ఊహించుకుందాం. వరంగల్ జంపఖానాలకు 2018లో జీఐ గుర్తింపు, అంటే ఫలానా ప్రాంతపు సరుకు అని చెప్పే గుర్తింపు, వచ్చింది. దుకాణం నడిపే అక్క కాగితం ఇలా ఉందనుకోండి: పొద్దున మగ్గం మీంచి దిగిన సరుకుకు ఫోటోలు తీసి గిరాకీలకు వాట్సాప్‌లో పంపాలి. యూపీఐలో పైసలు పడ్డాయో లేదో చూసుకోవాలి. చిన్న బ్లూటూత్ ప్రింటర్‌తో బిల్లు కొట్టాలి. పార్సిల్ కోసం అడ్రసులు టైపు చేయాలి. నూలు వ్యాపారితో రేటు మాట్లాడాలి. సాయంత్రం బిడ్డ స్కూల్ గ్రూపు, రాత్రి దుబాయిలో ఉన్న తమ్మునితో వీడియో కాల్.

వీటిలో చాలా పనులకు ఏ ఫోనైనా ఒకటే. వాట్సాప్ రెండింటిలోనూ ఉంది, వీడియో కాల్ రెండింటిలోనూ వస్తుంది. అసలు తేడా ఒకటి రెండు చోట్లే తగులుతుంది. ఆ చోట్లను కొనకముందే పట్టుకోవడం ఎలాగో ఈ పాఠంలో నేర్చుకుందాం.

పోల్చడానికి ఇవి రెండే ఎందుకంటే మిగతావి నిలబడలేదు. నోకియా సింబియన్ పోయింది, విండోస్ ఫోన్ పోయింది, పాత బ్లాక్‌బెర్రీ ఫోన్లకు సేవలు 2022 జనవరి 4తో ఆగిపోయాయి. ఇంకో మాట గుర్తుంచుకోండి. ఐఫోన్‌కు ఫోనూ సాఫ్ట్‌వేరూ రెండూ యాపిల్‌వే. ఆండ్రాయిడ్ గూగుల్‌ది, కానీ శాంసంగ్, షావోమి, వివో ఎవరికి వారు దాన్ని మార్చుకుని ఇస్తారు. కాబట్టి "ఆండ్రాయిడ్‌లో ఈ సౌకర్యం ఉంది" అని ఎవరైనా అంటే "ఏ కంపెనీ ఫోన్‌లో?" అని అడగడం అలవాటు చేసుకోండి.

ఫోనుకు కలిపే వస్తువులు

మీ కాగితంలో ఫోనుకు ఇంకో వస్తువును కలపాల్సిన పనులు ఏవున్నాయో చూసి గీత గీయండి. ఎక్కువమంది ఇబ్బంది పడేది ఇక్కడే. దుకాణంలో ఫోను చూపించేటప్పుడు కెమెరా గురించి, స్క్రీన్ గురించి చెప్తారు తప్ప ప్రింటర్ సంగతి ఎవరూ ఎత్తరు.

బిల్లు కొట్టే చిన్న థర్మల్ ప్రింటర్‌నే తీసుకోండి, 58 మిల్లీమీటర్ల కాగితం పట్టేది. తక్కువ ధరలో దొరికే వాటిలో చాలా వరకు పాత తరహా బ్లూటూత్‌తో పని చేస్తాయి. ఆండ్రాయిడ్‌లో సెట్టింగ్స్‌కు వెళ్లి పేరు నొక్కి, 0000 గానీ 1234 గానీ కొడితే జత అవుతుంది. తర్వాత బిల్లింగ్ యాప్‌లో ఆ ప్రింటర్‌ను ఎంచుకుంటే చాలు. ఐఫోన్ అలా ఒప్పుకోదు. ఆ పాత దారిలో కలిసే పరికరానికి యాపిల్ సర్టిఫికేషన్ ఉండాలి, లేదంటే ప్రింటర్‌లో తక్కువ కరెంటుతో నడిచే కొత్త తరహా బ్లూటూత్ ఉండి, మీ బిల్లింగ్ యాప్ దాన్ని గుర్తించాలి. అలాంటి ప్రింటర్లు ఉన్నాయి, అడిగి కొనాలి.

ఎలా అడగాలో కూడా చెప్తాను. "అన్నా, ఇది ఐఫోన్‌కు పడుతదా?" అని మాత్రమే అడిగితే "పడుతది" అనే జవాబే వస్తుంది. మీ ఫోను తీసి, మీరు రోజూ వాడే బిల్లింగ్ యాప్ తెరిచి, "ఒక్క బిల్లు కొట్టి చూపియ్యన్నా, తీసుకుంట" అనండి. కాగితం బయటకు వచ్చాకే పైసలు ఇవ్వండి. ఆ బిల్లులో తెలుగు అక్షరాలు సరిగ్గా పడుతున్నాయో లేదో కూడా అప్పుడే చూసుకోండి. చిన్న ప్రింటర్లలో చాలా వాటికి తెలుగు నేరుగా రాదు, యాప్ దాన్ని బొమ్మగా మార్చి పంపాలి.

రెండో వస్తువు వేలిముద్ర పరికరం. పరకాల, నర్సంపేట వైపు ఊళ్లలో ఆధార్‌తో పైసలు తీసి ఇచ్చే కస్టమర్ సర్వీస్ పాయింట్ నడిపేవాళ్లు ఈ పాఠం చదువుతుంటే, మీకు ఇక పోలిక అక్కర్లేదు. ఆ పరికరాలు, వాటితో పాటు వేసుకోవాల్సిన ఆర్‌డీ సర్వీస్ అనే సాఫ్ట్‌వేరు ప్రధానంగా ఆండ్రాయిడ్, విండోస్ కోసమే తయారయ్యాయి. ఆ పనికి ఆండ్రాయిడ్ తీసుకోండి, ఓటీజీ, అంటే కేబుల్‌తో ఇంకో పరికరాన్ని ఫోనుకు కలుపుకునే వీలు, ఉందో లేదో చూసి తీసుకోండి.

యూపీఐ రెండింటిలోనూ ఒకేలా నడుస్తుంది, ఒక్క మొదటి రోజు తప్ప. నంబరు ఆ ఫోన్‌లోనే ఉందని నిర్ధారించడానికి ఒక ఎస్సెమ్మెస్ వెళ్లాలి. ఆండ్రాయిడ్‌లో మీరు అనుమతి ఇస్తే యాపే పంపుకుంటుంది. ఐఫోన్‌లో మెసేజ్ తయారుగా కనిపిస్తుంది, పంపే బటన్ మీరు నొక్కాలి. అందులో ఉన్న అక్షరాలు చెరిపితే పని కాదు. రెండు సిమ్‌లు ఉంటే బ్యాంకు ఖాతాకు ఇచ్చిన నంబరు నుంచే అది వెళ్తోందా చూడండి. సిమ్‌లో బ్యాలెన్స్ లేక ఇక్కడ ఆగిపోయేవాళ్లు చాలామంది.

ఇల్లూ దుకాణమూ ఒకే ఫోన్‌లో

రెండు నంబర్ల సంగతి ముందు తేల్చుకోండి. ఆండ్రాయిడ్ ఫోన్లలో ఎక్కువ వాటికి రెండు మామూలు సిమ్‌లు పడతాయి. మన దేశంలో అమ్మే చాలా ఐఫోన్లలో ఒకటే మామూలు సిమ్, రెండోది ఈ-సిమ్, అంటే ఫోన్ లోపలే ఉండి బయటకు తీయలేనిది. అంటే ఒక నంబరును ఈ-సిమ్‌గా మార్పించుకోవాలి. మార్చుకున్నాక ఫోను పాడైతే సిమ్ తీసి పక్క ఫోన్‌లో వేసుకునే వీలుండదు. గిరాకీలు ఫోన్ చేసే నంబరును మామూలు సిమ్‌గానే ఉంచి, ఇంటి నంబరును ఈ-సిమ్ చేసుకోమని నా సలహా.

వాట్సాప్ బిజినెస్ 2018లో ముందు ఆండ్రాయిడ్‌కు, 2019లో ఐఫోన్‌కు వచ్చింది. ఇప్పుడు రెండింటిలోనూ సరుకుల కేటలాగ్, రెడీగా పెట్టుకునే జవాబులు, దుకాణం మూసిన వేళ దానంతటదే వెళ్లే మెసేజ్ అన్నీ ఉన్నాయి. మామూలు వాట్సాప్‌లో ఇంటి నంబరు, బిజినెస్‌లో దుకాణం నంబరు పెట్టుకుంటే ఏ ఫోన్‌లోనైనా రెండూ పక్కపక్కనే నడుస్తాయి. ఇంతవరకు సమానం.

ఫోన్‌లోని మిగతా వస్తువులను విడదీయడంలో ఆండ్రాయిడ్‌కు దారులు ఎక్కువ. శాంసంగ్ ఫోన్లలో చాలావాటికి సెక్యూర్ ఫోల్డర్ ఉంటుంది. ఫోటోలు, యాప్‌లు వేరే తాళంతో వేరే చోట ఉంటాయి. 2024లో వచ్చిన ఆండ్రాయిడ్ 15లో ప్రైవేట్ స్పేస్ అని ఇలాంటిదే ఇచ్చారు. ఐఫోన్‌లో రెండో అర అంటూ లేదు. కానీ ఫోకస్ అనే సెట్టింగ్ చాలా పనికొస్తుంది. రాత్రి 8 తర్వాత దుకాణం యాప్‌ల నుంచి ఏ చప్పుడూ రాకుండా, తెర మీద ఇంటి యాప్‌లే కనపడేలా పెట్టుకోవచ్చు. ఐఫోన్ సాఫ్ట్‌వేరు ఐఓఎస్ 18 నుంచి ఒక్కో యాప్‌కు ముఖం చూపించి తెరిచే తాళం కూడా వేయొచ్చు.

మడికొండ ఐటీ పార్కులోనో హైదరాబాద్‌లోనో ఉద్యోగం చేస్తూ, ఆఫీసు మెయిల్‌ను సొంత ఫోన్‌లో పెట్టుకోమని చెప్పినవాళ్లకు ఇంకో విషయం. ఆండ్రాయిడ్‌లో వర్క్ ప్రొఫైల్ వేస్తే ఆఫీసు యాప్‌ల మీద చిన్న బ్యాగు గుర్తు వస్తుంది. మీరు మానేసిన రోజు కంపెనీ ఆ భాగాన్ని మాత్రమే తుడిచేయగలదు, మీ పెళ్లి ఫోటోల జోలికి రాలేదు. ఐఫోన్‌లో బ్యాగు గుర్తు కనపడదు గానీ, సొంత ఫోన్ల కోసమే ఉన్న యూజర్ ఎన్‌రోల్‌మెంట్ పద్ధతిలో కలిపితే అక్కడా ఆఫీసు డేటానే పోతుంది. మొత్తం ఫోనును తుడిచే అధికారం అడుగుతున్నారా అని ఐటీ వాళ్లను అడిగి, జవాబు మెయిల్‌లో తెప్పించుకోండి. సిగ్గుపడాల్సిన ప్రశ్న కాదిది.

ఇన్ని చెప్పినా నా మనసులో మాట ఒకటే. దుకాణం ఫోను పని కుర్రాడి చేతికి, తమ్ముడి చేతికి ఇవ్వాల్సి వస్తే రెండు ఫోన్లు పెట్టుకోవడమే మేలు. గల్లాపెట్టె దగ్గర ఒక మామూలు ఆండ్రాయిడ్, ఇంటికి మీకు నచ్చినది. ఖరీదైన ఒక్క ఫోన్‌లో మీ బ్యాంకు, మీ పిల్లల ఫోటోలు, గిరాకీల అడ్రసులు అన్నీ పెట్టి పదిమంది చేతుల్లో తిప్పొద్దు. దుకాణం వాట్సాప్‌ను అసలు ఫోనుతో పాటు ఇంకో 4 పరికరాల్లో లింక్ చేసుకోవచ్చు. అసలు ఫోనును 14 రోజులు వాడకుండా పక్కన పడేస్తే మాత్రం మిగతావి లాగౌట్ అవుతాయి.

ఫోటో పరీక్ష

జంపఖానా అమ్మేవాళ్లకు, చీరలు అమ్మేవాళ్లకు, ఏనుమాముల మార్కెట్ నుంచి మిర్చి ఫోటో పంపేవాళ్లకు ఇది ముఖ్యం. రెండు ఫోన్లూ చేతిలో పట్టుకుని, ఒకే సరుకును ఒకే చోట పెట్టి, ట్యూబ్‌లైట్ కింద ఒకసారి, గుమ్మంలో పగటి వెలుతురులో ఒకసారి తీయండి. తర్వాత ఫోటోను సరుకు పక్కన పెట్టి చూడండి. ఏ ఫోటో అందంగా ఉందని కాదు, ఏ ఎరుపు ఈ ఎరుపులా ఉందో చూడాలి. కొన్ని ఫోన్లు ఎరుపును, పచ్చను తమంతట తామే ముదురు చేస్తాయి. చూడటానికి బాగుంటుంది, పార్సిల్ విప్పాక గిరాకీ "ఈ రంగు కాదు కదా" అంటుంది. బాగా ఖరీదైన ఫోను ఈ పరీక్షలో గెలవాలనేం లేదు.

పంపేటప్పుడు వాట్సాప్ ఫోటోను కుదిస్తుంది. నేత స్పష్టంగా కనపడాలంటే హెచ్‌డీ నొక్కి పంపండి, లేదా డాక్యుమెంట్‌గా పంపండి. ఐఫోన్‌లో ఫోటోలు మామూలుగా హెచ్‌ఈఐసీ అనే రకంలో ఉంటాయి. ఫ్లెక్సీ కొట్టే దుకాణంలో పాత కంప్యూటర్ వాటిని తెరవకపోవచ్చు. కెమెరా సెట్టింగ్స్‌లో ఫార్మాట్స్‌కు వెళ్లి మోస్ట్ కంపాటిబుల్ పెట్టుకుంటే జేపెగ్‌గా వస్తాయి.

ఫోటోలు నిండేకొద్దీ నిల్వ సంగతి వస్తుంది. గూగుల్ 15 జీబీ ఉచితంగా ఇస్తుంది, యాపిల్ ఐక్లౌడ్‌లో 5 జీబీ. గూగుల్ 15లో జీమెయిల్, ఫోటోలు, ఆండ్రాయిడ్ వాట్సాప్ బ్యాకప్ అన్నీ కలిపే లెక్క. అది నిండితే మెయిల్స్ కూడా ఆగిపోతాయి. దుకాణం జీమెయిల్ వేరు, ఇంటి జీమెయిల్ వేరు పెట్టుకోవడానికి ఇదొక్కటి చాలు కారణం.

తెలుగు, ఫోను వయసు, భద్రత

2018 ఫిబ్రవరిలో తెలుగు అక్షరం 'జ్ఞా' ఒక రూపంలో మెసేజ్‌గా వస్తే ఐఫోన్ యాప్‌లు కూలిపోయేవి. ఐఓఎస్ 11.2.6తో యాపిల్ సరిచేసింది. ఇప్పుడు రెండింటిలోనూ తెలుగు చదవడానికి, రాయడానికి ఇబ్బంది లేదు. నోటితో చెప్పి రాయించడమే పరీక్షించాల్సింది. "హనుమకొండ నక్కలగుట్ట, రెండు జంపఖానాలు, ఎరుపు అంచు" అని మీ మామూలు యాసలో చెప్పి, ఏ ఫోన్‌లో తక్కువ దిద్దాల్సి వచ్చిందో చూడండి.

ధర గురించి అందరికీ తెలిసిందే. చూడాల్సింది ఫోను ఎన్నేళ్లు అప్‌డేట్లు అందుకుంటుందన్నది. 2018లో వచ్చిన ఐఫోన్ ఎక్స్‌ఆర్‌కు 2024లో ఐఓఎస్ 18 అందింది. గూగుల్ పిక్సెల్ 8, శాంసంగ్ ఎస్24 నుంచి ఆ కంపెనీల ఖరీదైన ఫోన్లకు 7 ఏళ్ల హామీ ఉంది. చవక ఆండ్రాయిడ్లకు అంత కాలం రాదు, పెట్టె మీద కాకుండా కంపెనీ వెబ్‌సైట్‌లో చూడండి. సెకండ్‌హ్యాండ్ తీసుకుంటే *#06# కొట్టి ఐఎంఈఐ నంబరు (ఒక్కో ఫోనుకు ఒక్కోటి ఉండే గుర్తింపు నంబరు) తీసి, కేవైఎం అని ఇంగ్లిష్‌లో రాసి ఆ నంబరు పెట్టి 14422కు ఎస్సెమ్మెస్ పంపండి. దొంగ ఫోనుగా బ్లాక్ అయి ఉంటే తెలుస్తుంది. ఫోన్‌లో ఉన్న అమ్మేవాళ్ల గూగుల్ లేదా యాపిల్ ఖాతా మీ ముందే తీయించండి. లేకపోతే ఐఫోన్ గానీ ఆండ్రాయిడ్ గానీ రీసెట్ చేశాక పాత పాస్‌వర్డ్ అడుగుతుంది.

భద్రత విషయంలో ఒక తేడా పెద్దది. పెళ్లి పత్రిక, ట్రాఫిక్ చలాన్ అని వాట్సాప్‌లో వచ్చే ఏపీకే ఫైళ్లు, అంటే నొక్కితే యాప్‌గా ఎక్కే ఫైళ్లు, ఆండ్రాయిడ్‌లో ఎక్కుతాయి, ఐఫోన్‌లో ఎక్కవు. రోజుకు ముప్పై కొత్త నంబర్ల నుంచి మెసేజ్‌లు తెరిచే దుకాణదారుకు ఇది నిజమైన ప్రమాదం. ఆండ్రాయిడ్ వాడితే 'తెలియని యాప్‌ల ఇన్‌స్టాల్' అనుమతి వాట్సాప్‌కు, బ్రౌజర్‌కు ఇప్పుడే తీసేయండి. నకిలీ లింకుల్లో ఓటీపీ చెప్పేస్తే మాత్రం ఐఫోన్ కూడా కాపాడదు. పైసలు పోయాయని తెలిసిన నిమిషంలోనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. ఈ నంబరు గల్లాపెట్టె మీద రాసి పెట్టండి.

ఈ వారం పని

మీ కాగితంలో ఒక్కో పని పక్కన రెండు గడులు గీయండి, ఆండ్రాయిడ్, ఐఫోన్ అని. 'అవుతుంది', 'కాదు', 'చూడాలి' ఈ మూడింటిలో ఒకటి రాయండి. 'చూడాలి' అని వచ్చినవన్నీ తెలిసినవాళ్ల ఫోన్‌లో చేసి చూడండి. 'కాదు' ఒక్కటి వచ్చినా, ఆ పని మానుకోగలరా, వేరే దారి ఉందా అని పక్కన ఒక వాక్యం రాయండి. కొత్తవాడ అక్క కాగితంలో ప్రింటర్ దగ్గర 'చూడాలి' వచ్చింది, మిగతావన్నీ 'అవుతుంది'. అంటే ప్రింటర్ దుకాణంలో అరగంట గడిపితే ఆమె నిర్ణయం తేలిపోతుంది.

నాలుగో పాఠంలో పాత ఫోన్ నుంచి కొత్త ఫోన్‌కు వాట్సాప్ చాట్లు, కాంటాక్ట్‌లు తరలించడం చూద్దాం. ఆండ్రాయిడ్ బ్యాకప్ గూగుల్‌లో, ఐఫోన్ బ్యాకప్ ఐక్లౌడ్‌లో ఉంటాయి కాబట్టి ఒకదాంట్లోంచి ఇంకోదానికి నేరుగా దిగవు. కొత్త ఐఫోన్ కొన్నవాళ్లు అప్పటిదాకా దాన్ని సెటప్ చేయకుండా ఉంచండి, ఆండ్రాయిడ్ నుంచి చాట్లు తెచ్చుకోవడానికి అది కొత్తదిగానో, రీసెట్ చేసిందిగానో ఉండాలి.