పోయిన వార్తాదృశ్యాల వేట – 5వ పాఠం: డెవిల్స్ స్లైడ్ టేపు ఏ ఏడాదిది?

కిందటి పాఠంలో టీవీ స్టేషన్ లాగ్ పుస్తకాలు (ఏ రోజు ఏం ప్రసారమైందో రాసుకునేవి) చదవడం నేర్చుకున్నాం. ఈసారి లాగ్ లేదు, స్క్రిప్టు లేదు. చేతిలో ఉన్నది ఒక యూమాటిక్ కాసెట్, అంటే టీవీ స్టేషన్లు ఒకప్పుడు వాడిన వీడియో టేపు. దాని లేబుల్ మీద పెన్సిల్‌తో రాసినవి మూడే ముక్కలు: "హైవే 1 స్లైడ్". తారీఖు లేదు, ఊరి పేరూ లేదు. పోయిందనుకున్న ఫుటేజీ చాలావరకు నిజంగా పోదు. ఇలా తాడూ బొంగరం లేకుండా ఏదో అట్టపెట్టెలో మూలుగుతూ ఉంటుంది.

ముందు చోటు సంగతి. "హైవే 1 స్లైడ్" అంటే హైవే 1 మీద జారిన కొండచరియ; అది డెవిల్స్ స్లైడ్‌దే అనుకుని మొదలుపెడదాం. కాలిఫోర్నియాలో పసిఫికా, మోంటారా ఊళ్ల మధ్య సముద్రం మీదికి నిటారుగా దిగే కొండవాలే డెవిల్స్ స్లైడ్. ఓషన్ షోర్ రైల్వే ఒకప్పుడు ఆ వాలు మీదే నడిచింది. 1937లో అక్కడ రోడ్డు వచ్చింది; అదే హైవే 1. అప్పటినుంచీ గట్టి వానాకాలం వచ్చిందంటే చరియలు జారడం, రోడ్డు మూతపడటం మామూలైంది. టీవీ కెమెరాలు తరచూ వెళ్లిన రోజుల్లో ఎక్కువకాలం మూతపడినవి నాలుగు సార్లు: 1980, 1983 (84 రోజులు), 1995 (158 రోజులు), 2006 (ఏప్రిల్ నుంచి ఆగస్టు దాకా). 2013 మార్చిలో సొరంగాలు తెరిచాక ఆ బెడద తీరింది. హాఫ్ మూన్ బేకి వెళ్లే మన శాన్‌ఫ్రాన్సిస్కో బే ఏరియా తెలుగువాళ్లు ఇప్పుడు వాటిలోంచే పోతారు. పాత రోడ్డు నడకదారి అయింది. మన టేపు ఈ నాలుగిట్లో దేనిదో తేల్చడమే ఈ పాఠం.

డెక్‌లో (టేపు ఆడించే యంత్రంలో) పెట్టే ముందు

ఆత్రం వద్దు. కాసెట్ ముందు మూత ఎత్తి టేపును వెలుతురులో చూడండి, వాసన చూడండి. మైనపు క్రేయాన్ల వాసన, జిగురు మెరుపు ఉంటే టేపు మీది బైండర్ (పూతను అంటించి ఉంచే జిగురు) తేమ పీల్చి మెత్తబడిందని అర్థం. దాన్నలాగే ఆడిస్తే పూత ఊడి హెడ్లకు, అంటే టేపును చదివే మొనలకు, అంటుకుంటుంది. అప్పటికి తెర మీద బొమ్మ మాయమవడం ఒక నష్టం. ఊడిన పూతతోపాటు ఆ దృశ్యమే పోవడం అసలు నష్టం.

దీనికి మందు వేడి. ఉష్ణోగ్రత నిలకడగా ఉంచే ల్యాబ్ ఇంక్యుబేటర్‌లో గానీ, పళ్లు ఎండబెట్టే డీహైడ్రేటర్‌లో గానీ 54 డిగ్రీల సెల్సియస్ దగ్గర కనీసం 8 గంటలు ఉంచాలి. తర్వాత అంతసేపూ చల్లారనివ్వాలి. వంటింటి ఓవెన్ పనికిరాదు; దాని వేడి ఒకచోట 45, ఇంకోచోట 70 ఉంటుంది. ఈ బాగు తాత్కాలికం, కాబట్టి కొద్ది వారాల్లోపే కాపీ ముగించండి. ఇంకో మాట: టేపు కీచుమంటున్నా హెడ్ల మీద మురికి వదలకపోతే అది కందెన ఎండిపోయిన కేసు. దానికి వేడి పెట్టి లాభం లేదు.

కాసెట్ అడుగున ఎర్ర బొత్తాం ఉంటే తీసేయండి. అది ఉన్నంతసేపూ ఆ టేపు మీద రికార్డు చేయవచ్చు. పొరపాటున డెక్ మీది రికార్డు మీట నొక్కారా, దశాబ్దాలు బతికిన దృశ్యం అరక్షణంలో పోతుంది.

డెక్ లోపల తిరిగే డ్రమ్ము మీది హెడ్లను 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తడిపిన షామీ తోలుతో తుడవండి. దూది వద్దు, పోగులు హెడ్ అంచుకు చిక్కుతాయి. తోలును కదలకుండా ఆనించి పట్టుకుని, డ్రమ్మునే చేత్తో మెల్లగా తిప్పాలి. పైకీ కిందికీ రుద్దితే హెడ్ మొన విరుగుతుంది. ఆ మొన వెంట్రుకకన్నా పెళుసు.

ఆడించడం, పట్టుకోవడం

ఇది అమెరికా టేపు: ఎన్‌టీఎస్‌సీ అనే అక్కడి టీవీ పద్ధతి, 525 లైన్లు, సెకనుకు 29.97 ఫ్రేములు. మన దేశంలో దొరికే పాత డెక్కుల్లో చాలావరకు ఇక్కడి టీవీ పద్ధతి అయిన పాల్‌వి. ఒక్క పాల్‌కే పనిచేసే డెక్‌లో పెడితే బొమ్మ నిలబడదు. రెండు పద్ధతులూ చదివే డెక్ వెతకండి.

బొమ్మ పైఅంచు జెండాలా పక్కకు వంగుతుంటే టేపు బిగువు తేడా. డెక్ మీద బిగువు సరిచేసే స్క్యూ నాబ్ మెల్లగా తిప్పి నిలబెట్టండి. అడ్డంగా మంచుపట్టీలు కదులుతుంటే ట్రాకింగ్ నాబ్ తిప్పండి. రెండూ కుదిరాకే టైమ్ బేస్ కరెక్టర్ (బొమ్మ లైన్ల వణుకు సర్దే పరికరం) గుండా పంపాలి. దాంతోనే అన్నీ సర్దేస్తామనుకుంటే రంగులు కారతాయి.

720×486 సైజులో, 10 బిట్ల లోతుతో, కుదించకుండా కంప్యూటర్‌లోకి పట్టుకోండి. గంటకు దాదాపు 100 జీబీ అవుతుంది. చిన్న కాసెట్ 20 నిమిషాలదే కాబట్టి 34 జీబీ ఉంచుకుంటే చాలు. ఆనక ఎఫ్‌ఎఫ్‌వీ1 అనే వీడియో ఫార్మాట్‌లోకి మార్చుకుంటే నష్టమేమీ లేకుండా సైజు బాగా తగ్గుతుంది. రెండు ఆడియో ట్రాకులనూ విడివిడిగా ఉంచండి. సాధారణంగా ఒకదానిలో రిపోర్టర్ గొంతు, రెండోదానిలో అక్కడి చప్పుడు ఉంటుంది. కలిపేస్తే రాళ్లు దొర్లే శబ్దం మాటల కింద పడిపోతుంది.

తారీఖు తేల్చడం

టేపు రకమే మొదటి జల్లెడ. 16 ఎంఎం ఫిల్ము అయితే 1970లదో అంతకుముందుదో అయ్యే అవకాశం ఎక్కువ; యూమాటిక్ 1980, 1983ల వైపు చూపిస్తుంది; 1986లో వచ్చిన బీటాక్యామ్ ఎస్‌పీ అనే టేపు రకం 1995 వైపు. అయితే స్టేషన్లు పాత యూమాటిక్ డెక్కులను ఏళ్ల తరబడి వాడుకున్నాయి. పైగా తర్వాతి టేపును యూమాటిక్‌లోకి కాపీ చేసి ఉండొచ్చు. అందుకే జల్లెడ ఒక్కటే చాలదు.

ఇప్పుడు బారికేడ్ల ముందు ఆగిన కార్ల వరుస దగ్గర ఆపండి. కార్ల వెనక అద్దం నడుమ మూడో బ్రేక్ లైటు ఉందా? అమెరికాలో 1986 మోడల్ నుంచే అది తప్పనిసరి అయింది. ఒక్క కారులో వెలిగినా 1980, 1983 రెండూ కొట్టివేతే అనుకోవచ్చు. నంబరు పలక తెల్లదై "కాలిఫోర్నియా" ఎర్రటి వంపు అక్షరాల్లో ఉంటే 1990ల నాటిదో ఆ తర్వాతిదో. నీలం మీద పసుపు అక్షరాలైతే పాత పలక, కానీ అది కార్ల మీద చాలాకాలం నిలిచింది. దాన్నిబట్టి ఏడాది చెప్పకండి.

1980కీ 1983కీ మధ్య తేల్చడమే కష్టం, పలకా లైటూ రెంటికీ ఒకటే కథ. ఇక్కడ కారు మోడల్ చూడాలి. 1982 మోడల్‌గా వచ్చిన మూడో తరం షెవీ కమారో వరుసలో ఒక్కటి కనిపిస్తే 1980 కాదు. కనిపించకపోతే మాత్రం అది 1980 అని రాసేయకండి. కొత్త కారు లేకపోవడం సాక్ష్యం కాదు, చాలామంది పడే గొయ్యి అదే.

ఇంతకన్నా లోతైన గొయ్యి ఇంకొకటుంది. 1983లోనే హైవే 1 దక్షిణాన బిగ్ సర్ దగ్గర, జూలియా ఫైఫర్ బర్న్స్ స్టేట్ పార్కులో, ఇంకో భారీ చరియ పడింది. 1984 ఏప్రిల్ దాకా అక్కడ రోడ్డు తెరవలేదు. "హైవే 1 స్లైడ్" అంటే అదీ కావచ్చు! చరియ మట్టి సముద్రంలో పడి, అక్కడి మెక్‌వే జలపాతం కింద ఇసుకతీరం ఏర్పడింది. అంతకుముందు నీళ్లు నేరుగా కడలిలో పడేవి. డెవిల్స్ స్లైడ్ వాలుకు దక్షిణంగా రాతిమొన మీద రెండో ప్రపంచయుద్ధం నాటి కాంక్రీటు బంకర్ ఉంటుంది. టేపులో ఈ రెండిట్లో ఏది దొరికినా చోటు తేలిపోతుంది.

ఈ వారం పని: మీ కాపీలోంచి కార్లున్న ఒక ఫ్రేము, దూరపు కొండ కనిపించే ఒక ఫ్రేము తీసి, పక్కన టైమ్‌కోడ్‌తోసహా (ఆ ఫ్రేము టేపులో ఏ గంట, నిమిషం, సెకను దగ్గరుందో చెప్పే అంకెలు) "ఏడాది, ఆధారం, అనుమానం" అని మూడు గళ్లలో రాయండి. అనుమానం గడి ఖాళీగా ఉంటే మళ్లీ చూడండి. వచ్చే పాఠంలో వార్తాపత్రికల మైక్రోఫిల్ముతో ఈ తారీఖును రోజు వరకూ ఎలా బిగించాలో చూద్దాం.