సిస్టమ్ స్లో అయితే టాస్క్ మేనేజర్‌లో ఏం చూడాలి: సమస్య - పరిష్కారం

కంప్యూటర్ నెమ్మదించగానే ఫార్మాట్ కొట్టించడమో, ఏదో ఒక క్లీనర్ సాఫ్ట్‌వేర్ వేయడమో చేస్తుంటారు. జబ్బేదో తెలియకుండా మందు మింగడం అది. సీపీయూ, మెమరీ, డిస్క్‌లలో ఏది ముందు నిండుతోంది, ఆ సమయంలో మిగతా రెండూ ఎలా ఉన్నాయి అని చూస్తే కారణం చాలావరకు అక్కడే దొరుకుతుంది. కింద చెప్పేదంతా విండోస్ 10, 11లకు వర్తిస్తుంది.

కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. సిస్టమ్ స్లోగా ఉన్నప్పుడే తెరవాలి, బాగున్నప్పుడు చూస్తే ఏమీ తెలియదు. తెరిచాక ఒక నిమిషం ఆగండి. అది తెరుచుకునేటప్పుడు కూడా సీపీయూ కాసేపు పైకి లేస్తుంది.

ముందుగా పర్ఫార్మెన్స్ ట్యాబ్‌లో సీపీయూ మీద నొక్కి 'అప్ టైమ్' చూడండి. రోజూ షట్‌డౌన్ చేస్తున్నా అక్కడ 20 రోజులని కనిపించవచ్చు. ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంటే, షట్‌డౌన్ చేసినప్పుడు విండోస్ తన కెర్నల్‌నీ (విండోస్‌కు గుండెలాంటి భాగం), డ్రైవర్లనీ (పరికరాలను నడిపించే ప్రోగ్రామ్‌లు) డిస్క్‌లో దాచి, ఆన్ చేయగానే వాటినే మళ్లీ ఎత్తుకుంటుంది. రీస్టార్ట్ చేస్తేనే అంతా కొత్తగా మొదలవుతుంది. ఆ పని చేసి, సమస్య మళ్లీ వస్తేనే ముందుకు వెళ్లండి.

సమస్య 1: డిస్క్ 100 శాతం, ఏది నొక్కినా అర నిమిషం పడుతోంది

ఈ 100 శాతం అంటే డిస్క్ నిండిపోయిందని కాదు, ఊపిరి సలపకుండా పని చేస్తోందని. పాత హార్డ్ డిస్క్‌లో చిన్న చిన్న ఫైళ్ల కోసం హెడ్ అటూ ఇటూ తిరుగుతుంటే సెకనుకు 1 ఎంబీ చదవడానికే 100 శాతం చూపిస్తుంది.

అయితే డిస్క్‌ను తప్పుబట్టే ముందు పక్కనే మెమరీ చూడండి. అది కూడా 90 దాటి ఉంటే అసలు దోషి ర్యామ్, అంటే ఆ మెమరీయే. చోటు చాలక విండోస్ ర్యామ్‌లోని డేటాను డిస్క్‌లోని పేజ్ ఫైల్‌లోకి తోస్తూ, మళ్లీ లాక్కుంటూ ఉంటుంది. స్టార్ట్ మెనూలో వెతికి రిసోర్స్ మానిటర్ తెరిచి, డిస్క్ ట్యాబ్‌లో 'డిస్క్ యాక్టివిటీ' కింద పేజ్ ఫైల్ పేరు (pagefile.sys) పైవరుసల్లో కనిపిస్తే ఇదే సంగతి. అప్పుడు నేరుగా సమస్య 2కి వెళ్లండి.

మెమరీ మామూలుగా ఉంటే ప్రాసెసెస్ ట్యాబ్‌లో డిస్క్ అన్న శీర్షిక మీద నొక్కండి. ఎక్కువ వాడుతున్నది పైకి వస్తుంది. అది విండోస్ అప్‌డేట్, సెర్చ్ ఇండెక్సర్, 'యాంటీమాల్‌వేర్ సర్వీస్ ఎగ్జిక్యూటబుల్' (విండోస్ సొంత యాంటీవైరస్) అయితే చంపకండి, ఛార్జర్ పెట్టి రాత్రంతా వదిలేయండి. పని అయితే అదే సద్దుమణుగుతుంది. హార్డ్ డిస్క్ ఉన్న మెషీన్‌లో సర్వీసెస్‌కి వెళ్లి, తరచూ వాడే ప్రోగ్రామ్‌లను ముందే మెమరీలోకి తెచ్చే 'సిస్‌మెయిన్' ఆపితే కొంత ఊరట రావచ్చు. కానీ అసలైన మందు ఎస్‌ఎస్‌డీయే (తిరిగే భాగాలు లేని వేగమైన డ్రైవ్). 2.5 అంగుళాల సాటా ఎస్‌ఎస్‌డీ పాత ల్యాప్‌టాప్‌లో హార్డ్ డిస్క్ ఉన్న చోటే కూర్చుంటుంది. క్లోన్ చేస్తే, అంటే పాత డిస్క్‌లోనిదంతా యథాతథంగా దానిలోకి కాపీ చేస్తే, విండోస్ మళ్లీ వేయక్కర్లేదు.

రీడ్, రైట్ వేగం సున్నా దగ్గర ఉండి, 'యావరేజ్ రెస్పాన్స్ టైమ్' మాత్రం వందల, వేల మిల్లీసెకన్లలో ఉంటే జాగ్రత్త. ఈవెంట్ వ్యూయర్‌లో (విండోస్ తనలో జరిగినవి రాసుకునే చోటు) విండోస్ లాగ్స్, సిస్టమ్ తెరిచి డిస్క్‌కి సంబంధించిన 7, 129, 153 నంబర్ల ఈవెంట్లు ఉన్నాయేమో చూడండి. 7 అంటే బ్యాడ్ బ్లాక్, డిస్క్‌లో చెడిన చోటు. 129, 153 అంటే డిస్క్ సమయానికి బదులివ్వలేదని. డిస్క్ ఆరోగ్యం చూపించే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ప్రోగ్రామ్‌లో హార్డ్ డిస్క్ వివరాలు చూడండి. 05 (చెడిపోగా వేరే చోటికి మార్చిన సెక్టార్లు), సీ5 (చదవలేక పెండింగ్‌లో ఉన్న సెక్టార్లు) వరుసల్లో రా వాల్యూ సున్నా కాకపోతే వెంటనే ఫొటోలు, ఫైళ్లు వేరే డ్రైవ్‌లోకి తీసుకోండి. విండోస్‌లోని డిస్క్ తనిఖీ ప్రోగ్రామ్ చెక్‌డిస్క్ ఆ తర్వాతే. పోబోతున్న డిస్క్‌ను మొత్తం స్కాన్ చేయిస్తే, కాపీ చేసుకోవడానికి మిగిలిన సమయం కూడా దానికే ఖర్చవుతుంది. సీ7 (డేటా దారిలో దెబ్బతిన్న లెక్క) మాత్రమే పెరుగుతుంటే అనుమానం సాటా కేబుల్ మీద. కేబుల్ మార్చినా పాత లెక్క సున్నాకు రాదు, ఇకపై పెరగకుండా ఉంటే చాలు.

సమస్య 2: మెమరీ 90 శాతం పైన

పర్ఫార్మెన్స్ ట్యాబ్‌లో మెమరీ కింద 'క్యాష్డ్' ఎక్కువగా ఉందని కంగారు పడకండి. ఎవరైనా అడగగానే విండోస్ దాన్ని వదిలేస్తుంది. చూడాల్సింది 'కమిటెడ్'. అక్కడ రెండు అంకెలుంటాయి: ప్రోగ్రామ్‌లకు ఇస్తానని విండోస్ మాటిచ్చిన మెమరీ, దానికున్న హద్దు. మొదటిది రెండోదానికి దగ్గరైతే ప్రోగ్రామ్‌లు మూతపడటం మొదలవుతుంది. సిస్టమ్ లాగ్‌లో 2004 నంబర్ ఈవెంట్ పడితే చదవండి, మెమరీ బాగా మింగిన ప్రోగ్రామ్‌ల పేర్లు అందులోనే ఉంటాయి.

దోషి క్రోమ్ అయితే అందులో షిఫ్ట్, ఎస్కేప్ నొక్కండి. ఏ ట్యాబ్, ఏ ఎక్స్‌టెన్షన్ ఎంత తింటోందో విడివిడిగా చూపిస్తుంది.

ప్రాసెస్‌లన్నీ కూడినా 'ఇన్ యూజ్' అంకెకు చాలా తక్కువగా వస్తోందా? 'నాన్-పేజ్డ్ పూల్' (డిస్క్‌కు తోయడానికి వీల్లేని, విండోస్, డ్రైవర్లు వాడే మెమరీ) చూడండి. అది గంటగంటకూ పెరుగుతూ 1 జీబీ దాటితే ఏదో డ్రైవర్ మెమరీ లీక్ చేస్తోంది, అంటే తీసుకున్నది తిరిగి ఇవ్వట్లేదు. నెట్‌వర్క్ డ్రైవర్, బయటి యాంటీవైరస్‌లతో మొదలుపెట్టి ఒక్కొక్కటి అప్‌డేట్ చేసి, లేదా తీసేసి చూడండి.

ఏ ఒక్కటీ ఎక్కువ తినకుండానే నిండుతుంటే ర్యామ్ పెంచాల్సిందే. 'స్లాట్స్ యూజ్డ్' దగ్గర 1 ఆఫ్ 2 అని ఉంటే ఖాళీ స్లాట్ ఉన్నట్టు. డీడీఆర్3, డీడీఆర్4 (ర్యామ్‌లో రెండు తరాలు) ఒకదాని స్లాట్‌లో ఒకటి పట్టవు. కొన్ని ల్యాప్‌టాప్‌లలో ర్యామ్ బోర్డుకే సోల్డర్ చేసి ఉంటుంది, కొనేముందు మోడల్ వివరాలు చూసుకోండి. ర్యామ్ క్లీనర్ల జోలికి మాత్రం వెళ్లకండి. అవి డేటాను బలవంతంగా డిస్క్‌కు తోసి, అంకె తగ్గినట్టు చూపిస్తాయి. మళ్లీ ఆ ప్రోగ్రామ్ తెరిస్తే ఇంకా స్లో. పేజ్ ఫైల్ ఆపేయడమూ అంతే ప్రమాదం.

సమస్య 3: సీపీయూ శాతం తక్కువే, అయినా పని సాగట్లేదు

8 లాజికల్ ప్రాసెసర్లున్న మెషీన్‌లో ఒక ప్రోగ్రామ్ 12, 13 శాతం దగ్గరే కదలకుండా ఉంటే, అది వాటిలో ఒక్కదాన్నే పూర్తిగా వాడుకుంటున్నట్టు. 100ని 8తో భాగిస్తే వచ్చేది 12.5 కదా. ఇలాంటిదానికి కోర్లు ఎక్కువున్నా లాభం లేదు.

గ్రాఫ్ కింద 'స్పీడ్' కూడా చూడండి. బేస్ స్పీడ్ 2.4 గిగాహెర్ట్జ్ ఉన్నది, పని చేస్తున్నప్పుడు కూడా 0.4 - 0.8 మధ్యే ఆగిపోతే ప్రాసెసర్‌ను ఏదో కట్టేస్తోంది. సిస్టమ్ లాగ్‌లో 37 నంబర్ ఈవెంట్ అదే చెబుతుంది: ఫర్మ్‌వేర్ (బోర్డులోనే ఉండే ప్రోగ్రామ్) వేగాన్ని తగ్గించిందని. ల్యాప్‌టాప్ అయితే ఛార్జర్ పీకి చూడండి. వేగం వెంటనే పెరిగితే ఛార్జర్‌ను బోర్డు గుర్తించట్లేదు, లేదా అది తక్కువ వాట్లది. పెరగకపోతే చాలావరకు వేడి. మన మే నెల ఎండలకు దుమ్ము తోడైతే చెప్పనక్కర్లేదు. పవర్ తీసేసి, ఫ్యాన్ రెక్కలు తిరగకుండా వేలితో పట్టుకుని బ్లోయర్‌తో ఊదండి. పాతబడి ఎండిపోయిన థర్మల్ పేస్ట్ తుడిచి, బఠాణీ గింజంత కొత్తది పెట్టండి.

సమస్య 4: 'సిస్టమ్ ఇంటరప్ట్స్' 5 శాతం పైనే

పరికరాలు సీపీయూను పిలిచే సంకేతాలకు పట్టే సమయం ఇది, మామూలుగా 1 శాతం లోపు. పెరిగితే హార్డ్‌వేరో డ్రైవరో. యూఎస్‌బీ పరికరాలు ఒక్కొక్కటీ పీకుతూ చూడండి. 'సిస్టమ్ ఐడిల్ ప్రాసెస్' 95 ఉందని భయపడనక్కర్లేదు, అది ఖాళీగా ఉన్న సీపీయూ లెక్క.

సమస్య 5: అప్పుడప్పుడు వచ్చి, చూసేలోపే పోతోంది

విండోస్‌లోనే ఉండే పర్ఫార్మెన్స్ మానిటర్‌లో డేటా కలెక్టర్ సెట్స్, యూజర్ డిఫైన్డ్ మీద రైట్ క్లిక్ చేసి, మాన్యువల్‌గా కొత్త సెట్ చేయండి. ప్రాసెసర్ టైమ్ శాతం, అవైలబుల్ ఎంబైట్స్ (వాడుకోవడానికి మిగిలిన మెమరీ), ఫిజికల్ డిస్క్ కింద 'యావరేజ్ డిస్క్ సెకండ్ పర్ ట్రాన్స్‌ఫర్' చేర్చి, 15 సెకన్లకోసారి రాసేలా పెట్టి స్టార్ట్ చేయండి. డిస్క్ లెక్క సెకన్లలో ఉంటుంది, 0.020 అంటే 20 మిల్లీసెకన్లు. సిస్టమ్ ఆగిన టైమ్ కాగితం మీద రాసుకోండి. తర్వాత సెట్ ఆపి, రిపోర్ట్స్‌లో ఆ టైమ్ దగ్గర గ్రాఫ్ చూడండి. ముందు అవైలబుల్ పడిపోయి, వెనకే డిస్క్ లేస్తే సమస్య 2. డిస్క్ ఒక్కటే లేస్తే సమస్య 1. రెండూ నిశ్చలంగా ఉండి పని మాత్రం ఆగితే ఆ ప్రోగ్రామ్ నెట్‌వర్క్ కోసమో, సర్వర్ కోసమో ఎదురుచూస్తోందేమో చూడాలి. మధ్యలో రీస్టార్ట్ చేస్తే సెట్ దానంతటదే మళ్లీ మొదలవదు, మీరే స్టార్ట్ నొక్కాలి.