ఇద్దరూ కలిసి బైక్ మీద ముక్తినాథ్‌కు: హైదరాబాద్ నుంచి బయలుదేరేవారికి

సొంత బైక్ మీద మరొకరిని వెనక కూర్చోబెట్టుకుని మొదటిసారి దేశం దాటాలనుకునేవారికి నేపాల్ అన్నివిధాలా అనువైనదని నా అభిప్రాయం. మనకు అక్కడికి వీసా అక్కరలేదు, బండ్లు మనలాగే ఎడమవైపు నడుస్తాయి, దివ్యదేశాలలో ఒకటైన ముక్తినాథ్ దాకా రోడ్డు ఉంది, పైగా కాశీ దారిలోనే తగులుతుంది. అయితే ఈ ప్రయాణాన్ని బండి నడిపేవారి ఓపికతో లెక్కకట్టకూడదు. ముందున్నవారికి పట్టుకోవడానికి హ్యాండిల్ ఉంటుంది, గుంత ఎప్పుడు వస్తుందో కనిపిస్తుంది; వెనక ఉన్నవారికి ఆ రెండూ లేవు. అందుకే రోజుకు ఎంత దూరం, ఎక్కడ ఆగడం అన్నవి వెనక సీటు నుంచే నిర్ణయం కావాలి.

బయలుదేరడానికి కనీసం నెల ముందు, నేపాల్‌కు తీసుకువెళ్లే సామాను మొత్తం కట్టుకుని ఇద్దరూ శ్రీశైలం వెళ్లి రావాలి. హైదరాబాద్ నుంచి సుమారు 215 కిలోమీటర్ల ఆ దారిలో మైదానం, అడవి, ఘాట్ మలుపులు అన్నీ ఉన్నాయి. మన్ననూరు దగ్గర రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు రాకపోకలు ఆపేస్తారు కనుక పగలే అడవి దాటేలా చూసుకోవాలి. మేము అలా వెళ్లినప్పుడు దోమలపెంట చేరేసరికి మా ఆవిడకు మోకాళ్లు పట్టేశాయి. సైడ్ బ్యాగులు ఫుట్‌రెస్టుల మీదికి వచ్చి, పాదం కాస్త వెనక్కి జరుపుకోవడానికి కూడా చోటు లేకుండా చేశాయి. తప్పు నాదే, బ్యాగులు బిగించేటప్పుడు ఆమెను కూర్చోబెట్టి చూడలేదు. బ్యాగులు తగిలించే ఫ్రేమును రెండు అంగుళాలు జరిపించాక ఆ బాధ తీరింది.

బండి మోయగల గరిష్ఠ బరువు యజమాని పుస్తకంలో ఉంటుంది. ఇద్దరి బరువు, హెల్మెట్లు, సామాను కలిపి ఆ హద్దు దాటకూడదు. బరువైనవి సైడ్ బ్యాగుల అడుగున, వీలైనంత ముందుకు ఉండాలి. వెనక పెట్టెలో బరువు పెరిగితే ముందు చక్రం తేలికై, ఎత్తు ఎక్కేటప్పుడు హ్యాండిల్ మాట వినదు. ఇద్దరూ కూర్చున్న బరువుకు తగ్గట్టు వెనక షాక్‌అబ్జార్బర్ల ప్రీలోడ్ (స్ప్రింగు బిగువు) పెంచి, టైర్లలో ఇద్దరికి చెప్పిన గాలి పట్టించి, చెయిన్ బిగువు, హెడ్‌లైట్ ఎత్తు మళ్లీ చూసుకోవాలి.

కాగితాలలో అందరూ తేలికగా తీసుకునేది ఇన్సూరెన్స్, నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైనదీ అదే. చట్టం తప్పనిసరి చేసిన థర్డ్ పార్టీ పాలసీ ఒక్కటే ఉంటే, వెనక కూర్చున్నవారికి అది వర్తించదని సుప్రీంకోర్టు 2006లోనే తేల్చింది. థర్డ్ పార్టీతోపాటు సొంత బండి నష్టాన్నీ కలిపిన ప్యాకేజీ పాలసీ తీసుకుని, వెనక కూర్చునేవారికి వ్యక్తిగత ప్రమాద బీమా కలిపించుకోవాలి. మామూలు పాలసీ పరిధి భారతదేశమే కనుక, నేపాల్‌కు దాన్ని పొడిగించే ఎండార్స్‌మెంట్ బయలుదేరేముందే రాయించుకోవాలి. గుర్తింపుకు పాస్‌పోర్టు గానీ ఓటరు కార్డు గానీ ఇద్దరి దగ్గరా ఉండాలి, ఆధార్‌ను నమ్ముకోవద్దు. ఆర్‌సీ, లైసెన్సు అసలువే తీసుకువెళ్లాలి. సరిహద్దులో భన్సార్ అనే కస్టమ్స్ కార్యాలయంలో ఎన్ని రోజులుంటారో చెప్పి రోజువారీ రుసుము కట్టాలి. కొండల్లో ఆలస్యం సహజం కనుక రెండు రోజులు ఎక్కువే రాయించుకోవడం మేలు.

నాగపూర్, జబల్‌పూర్, కాశీ, గోరఖ్‌పూర్ మీదుగా సునౌలీ సరిహద్దు సుమారు 1,500 కిలోమీటర్లు. ఒంటరిగా మూడు రోజుల్లో చేరేవారు కూడా, ఇద్దరైతే ఐదు రోజులు పెట్టుకోవాలి. నాగపూర్ దాకా రోడ్డు బాగుంటుంది కాబట్టి మొదటి రోజు 500 కిలోమీటర్లు వెళ్లవచ్చు, కానీ గంటన్నరకొకసారి బండి దిగి నాలుగు అడుగులు నడవాల్సిందే.

వెనక కూర్చునేవారు నేర్చుకోవలసినవి కొన్ని ఉన్నాయి. నడిపేవారు రెండు పాదాలూ నేల మీద ఆనించి, ముందు బ్రేకు పట్టుకుని, "ఎక్కు" అన్నాకే ఎక్కాలి, దిగేటప్పుడూ అంతే. మలుపులో నడిపేవారి భుజం మీదుగా మలుపు లోపలి వైపు చూస్తే చాలు, శరీరం బండితోపాటు దానంతటదే వంగుతుంది. భయంతో ఎదురువైపు వంగితే బండి దారి తప్పుతుంది. చున్నీ, చీర కొంగు చక్రంలోనో చెయిన్‌లోనో చిక్కుకుంటే ప్రాణాంతకం కనుక ప్యాంటు, జాకెట్, పాదం కప్పే బూట్లు తప్పవు. నడిపేవారు గేరు మార్చేటప్పుడు రెండు హెల్మెట్లు ఢీకొంటున్నాయంటే క్లచ్, యాక్సిలరేటర్ వాడే తీరు ఇంకా మృదువు కావాలని అర్థం. ఇద్దరి బరువుతో బండి ఆగడానికి దూరం ఎక్కువ పడుతుంది, అందువల్ల ముందు వాహనానికి ఎప్పుడూ వదిలేదానికన్నా ఎక్కువ ఎడం వదలాలి.

పోఖరా దాటాక అసలు పరీక్ష మొదలవుతుంది. బేని నుంచి కాళీగండకీ లోయ వెంట, ముక్తినాథ్‌కు ముందు వచ్చే జోమ్‌సోమ్ ఊరికి వెళ్లే దారిలో వానాకాలంలో కొండచరియలు విరిగిపడతాయి, కాబట్టి అక్టోబరు, నవంబరు నెలలు మంచివి. జోమ్‌సోమ్ పరిసరాల్లో పొద్దెక్కిన కొద్దీ పెద్ద గాలి లేస్తుంది, ఇద్దరున్న బండిని అది పక్కకు నెడుతుంది. తెల్లవారగానే కదిలి మధ్యాహ్నం లోపు బస చేరాలి. పోఖరా సుమారు 800 మీటర్ల ఎత్తులో, ముక్తినాథ్ సుమారు 3,700 మీటర్ల ఎత్తులో ఉన్నాయి కనుక ఒకే రోజులో ఎక్కడం ప్రమాదకరం. 2,700 మీటర్ల దగ్గరున్న జోమ్‌సోమ్‌లో కనీసం ఒక రాత్రి పడుకోవాలి. వెనక ఉన్నవారు కదలకుండా కూర్చుంటారు కనుక చలి వారికే ముందు ఎక్కుతుంది, ఎత్తు వల్ల వచ్చే తలనొప్పిని అలసట అనుకుని చెప్పకుండా ఊరుకునేదీ వారే. ఆగిన ప్రతిచోటా అడగాలి. తలనొప్పి తగ్గకుండా వాంతులు మొదలైతే, గుడి కనుచూపు మేరలో ఉన్నా సరే, బండి కిందికి తిప్పాలి.