ఇంటి దగ్గరే జపనీస్ – 3వ పాఠం: నోటికీ చెవికీ పని

జపనీస్ లిపుల్లో మొదట నేర్చుకునే హిరగానా 46 అక్షరాలూ చేతికి వచ్చాయి కదా, ఈ వారం పెన్ను పక్కన పెట్టండి. దేవరకొండ నుంచో, అచ్చంపేట నుంచో రోజూ హైదరాబాద్ పోయి క్లాసు వినడం కుదిరే పని కాదు. ఉచ్చారణ మాత్రం ఇంట్లోనే బాగా సాధించవచ్చు, ఎందుకంటే సగం పని తెలుగే చేసిపెట్టింది.

'సంగతి', 'సంత', 'సంపద' పైకి చదవండి. ఒకటే సున్న, మూడు చోట్ల మూడు రకాలుగా పలికింది. జపనీస్ 'న్' కూడా అంతే. 'సెంపాయ్' (సీనియర్)లో అది 'మ్', 'మంగా' (బొమ్మల కథ)లో 'ఙ్'. సూత్రం బట్టీ పట్టే పనే లేదు. హ్రస్వ దీర్ఘాలూ మన చెవికి కొత్త కాదు: 'ఒబసన్' అంటే అత్త, పిన్ని వరస; 'ఒబాసన్' అంటే అమ్మమ్మ, నాయనమ్మ. ఒత్తులూ అంతే: 'కితె' అంటే వచ్చి, 'కిత్తె' అంటే తపాలా బిళ్ల.

'త' వరుస దగ్గర నిదానించండి. త, చి, త్సు, తె, తొ. 'చింత'లో చ వేరు, 'చుక్క'లో చ వేరు. ఆ రెండోదే 'త్సు'. మన ఊళ్లలో చాలామంది 'చూడు'ను 'సూడు' అంటారు. ఆ అలవాటుతో 'త్సుకి' అనబోయి 'సుకి' అంటే చంద్రుడు పోయి ఇష్టం వస్తుంది. నాలుక కొనను పై పళ్ల వెనక ఆనించి వదలండి.

తెలుగు అడ్డొచ్చే చోటూ ఉంది. మనది అజంత భాష, మాట చివర అచ్చు పలక్కపోతే తోచదు. అందుకే వాక్యం చివర వచ్చే 'దెసు', 'మసు'లను నిండుగా అనేస్తాం. అక్కడ గొంతు మోగకూడదు, వినపడేది 'దెస్', 'మస్'.

సాధనకు జపాన్ ఫౌండేషన్ వారి 'ఇరోదొరి' పాఠాలు చాలు. ఆడియోతో సహా ఉచితంగా దించుకోవచ్చు. పది సెకన్ల ముక్క తీసుకోండి. పుస్తకం చూడకుండా మూడుసార్లు వినండి, తర్వాత చూస్తూ ఒకసారి. అప్పుడు మాట్లాడేవారి వెన్నంటే పలకండి. ఫోన్లో రికార్డు చేసి, రెండూ పక్కపక్కనే వినండి. రోజూ పదిహేను నిమిషాలు. ముక్క పెద్దదైతే దీర్ఘాలు జారిపోతాయి, అవి జారినట్టు కూడా తెలియదు.

తెలుగు లిపిలో మాత్రం రాసుకోవద్దు. ఇక్కడ రాసింది వివరించడానికే. 'సెన్సెయి' (గురువు) అని రాసుకుంటే అలాగే నోట్లో పడిపోతుంది. జపాన్‌లో వినపడేది 'సెన్సే'.

వచ్చే పాఠం: వ, గ, ఒ ప్రత్యయాలు. అప్పటికి 'ఇరోదొరి'లో మొదటి రెండు పాఠాల సంభాషణలు నోటికి రావాలి.